ఏడో ఇంటి అంబలి

డిగ్రీ రెండో ఏడు ఎండాకాలం సెలవుల్లో మేము అంబలి మీద పరిశోధన చేశాం. ఈ మాట చెబితే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు, తాగితే సరిపోయేదానికి పరిశోధనెందుకని. నేనూ నవ్వేసి ఊరుకుంటాను. మిగతాది ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మా పాపకు పదో నెల నడుస్తోంది. రెండు రోజులు విరేచనాలతో వేలాడిపోయి, ఈ సాయంత్రమే కాస్త తేరుకుంది. దాని పక్కనే కూర్చుని, మధ్యమధ్యలో పొట్ట మీద చెయ్యి వేసి చూసుకుంటూ ఇది రాస్తున్నాను. ఆ అంబలి కోసం పోయిన పల్లెలో ఒక పిల్లవాడికి కూడా అప్పుడు పదో నెలే.

మాది బొగ్గు బావుల ఊరు. నాన్న బావిలో పని చేసేవాడు. నన్ను ఖమ్మంలో ఆడపిల్లల కాలేజీలో చేర్పించి హాస్టల్లో పెట్టారు. మైక్రోబయాలజీ చెప్పే మేడమ్ ఆ వేసవికి ఒక చిన్న ప్రాజెక్టు తెచ్చింది. అడవి పల్లెల్లో పసిపిల్లలకు తాగించే జావ, అంబలి ఎంత శుభ్రంగా ఉంటున్నాయో పరీక్ష చేయాలి. దుమ్ముగూడెం దాటాక ఒక కోయ పల్లె. పన్నెండు ఇళ్లు. ఒక్కో ఇంటి నుంచి మూడుసార్లు నమూనాలు తేవాలి. మేడమ్ కింద పని చేయడానికి ఇద్దరం మిగిలాం: నేను, బోనకల్ నుంచి రోజూ రైల్లో వచ్చే నా స్నేహితురాలు. మిగతావాళ్లంతా ఎండలకు భయపడి ఇళ్లకు పోయారు.

తెల్లవారక ముందే ఖమ్మంలో బస్సెక్కేవాళ్లం. భద్రాచలంలో దిగి ఐసు కొని థర్మోకోల్ పెట్టెలో నింపుకుని దుమ్ముగూడెం బస్సు పట్టుకునేవాళ్లం. మొదటిసారే కండక్టర్ ఆ పెట్టె చూసి అడిగాడు.

"ఏందమ్మా అండ్ల? చేపలా?"

"కాదన్నా, పోయేటప్పుడు ఉత్త ఐసే. వచ్చేటప్పుడు అంబలి ఉంటది," అన్నాను.

"అంబలి! ఐసుల వెట్టి అంబలి కొంచవోతరా? ఖమ్మంల అంబలి దొర్కుతలేదా?"

"ఇది పరీక్ష రాసే అంబలి బాబాయ్," అంది నా స్నేహితురాలు. బస్సంతా నవ్వింది. ఆ రోజు నాకు చాలా గర్వంగా ఉంది. చదువు అంటే ఇలా పెట్టె పట్టుకుని ఎక్కడికో పోవడమని అనిపించింది.

ఏడో ఇంట్లో ఒక జంట, వాళ్ల ఐదేళ్ల కూతురు, పదో నెల నడుస్తున్న కొడుకు, మొగుడి తల్లి అయిన ముసలామె ఉండేవాళ్లు. పిల్లల తల్లికి ఇరవై రెండు దాటి ఉండవు. అది బీడీలకు తునికాకు కోసే కాలం. చీకటితోనే మొగుడూ పెళ్లాలు అడవికి పోయి, మధ్యాహ్నానికి ఆకు మోపులతో తిరిగొచ్చి, నీడన కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లంలో అప్పజెప్పేవాళ్లు. అంతసేపూ పిల్లలిద్దరూ ముసలామె దగ్గరే.

ఆ ఇంట్లో అంబలి చేసే పద్ధతి నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాత్రి జొన్న రవ్వ ఉడికించి చల్లారబెట్టి, పాలకు తోడు వేసినట్టు, పాత అంబలి ఒక గరిటెడు అందులో పోస్తారు. తెల్లారేసరికి పులుస్తుంది. మర్నాడంతా అదే. ముసలామె పైన తేరిన పల్చటి నీళ్లు చిన్న గిన్నెలో వంచి పిల్లవాడికి తాగిస్తుంది. అడుగున మిగిలినది ఆ రాత్రికి మళ్లీ తోడు. కుండలో నీళ్లు తిప్పి పారబోస్తారే గాని పూర్తిగా తోమరు. తోమితే పులుపు పోతుందట. నేను ఎర్ర పెన్నుతో "కుండ శుభ్రత లేదు" అని రాశాను.

కాలేజీలో గాజు పళ్లేలలో ఆ నమూనాల్లోని సూక్ష్మజీవులను పెంచాం. కరెంటు ఊరికే పోయేది. "ఇంక్యుబేటర్ ఎందుకే, మన ఖమ్మంలో బయట పెట్టినా ఉడుకుతాయి," అనేది నా స్నేహితురాలు. రెండో రోజు తీసి చూస్తే ఏడో ఇంటి పళ్లెం నిండా తెల్లటి చుక్కలు. ఒకదాని మీద ఒకటి పడి, లెక్కపెట్టడానికి వీల్లేనన్ని. తోడు వెయ్యకుండా పొద్దున తాజాగా వండే ఇళ్లలో అందులో పదో వంతు కూడా లేవు.

"ఏడో ఇల్లు స్టేట్ ఫస్టు," అంది స్నేహితురాలు.

మేడమ్ చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది మొత్తం లెక్క మాత్రమే. ఇందులో మంచివేవో చెడ్డవేవో తెలియాలంటే రెండో పరీక్ష కావాలి. దానికి కావాల్సిన పొడి హైదరాబాద్ నుంచి ఇంకా రాలేదు. అప్పటిదాకా ఊళ్లో ఎవరికీ ఏమీ చెప్పకండి."

రెండోసారి వెళ్లేటప్పుడు మేడమ్‌కు పేపర్లు దిద్దే పని పడింది. మేమిద్దరమే వెళ్లాం. ఏడో ఇంటి పళ్లేన్ని నేను చుట్టూ టేపు వేసి, కాగితంలో చుట్టి, సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు తీసుకెళ్తున్నావని స్నేహితురాలు అడిగితే, ఊరికే అన్నాను. ఊరికే కాదు. చూపించాలని ఉంది.

మేం వెళ్లేసరికి ఆ ఇంటామె అడవి నుంచి అప్పుడే వచ్చి ఆకు కట్టలు కడుతోంది. పిల్లవాడు ఆకుల మధ్య కూర్చుని ఒక ఆకును నోట్లో పెట్టుకోబోతే లాగేసింది. మాకు తోడుగా అంగన్‌వాడీ టీచర్ వచ్చింది. ముసలామె మాట్లాడేది కోయలోనే గనుక మాకు తెలుగులో చెప్పేది ఆవిడే.

అంబలి నమూనా సీసాలో నింపుకున్నాక నేను పళ్లెం బయటికి తీశాను.

"అక్కా, ఇది నీ కుండలదే."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వంగి చూసింది. "ఏంది సెల్లె ఇది? సగ్గుబియ్యం లెక్కున్నది."

సూక్ష్మజీవులు అనలేదు నేను. అంటే ఆమెకు పట్టదని తెలుసు. పట్టే మాట ఏదో కూడా తెలుసు.

"పురుగులక్కా. కంటికి కనవడవు. గిట్ల పెంచితే కనవడ్తయి. నీ కొడుకు రోజూ ఇవే తాగుతున్నడు."

ఆమె చటుక్కున పిల్లవాడిని ఒళ్లోకి లాక్కుంది. ముసలామె గోడ దగ్గర నుంచే ఏదో గట్టిగా అంది. టీచర్ నవ్వింది.

"ఏమంటుంది టీచర్?"

"గీ పురుగులే తాగిచ్చి ఏడుగుర్ని కన్న, పెంచిన అంటుంది."

"ఏడుగుర్ల ఎందరు బతికిన్రో అడుగుర్రి."

టీచర్ నవ్వు ఆగిపోయింది. అడగలేదు. ముసలామెకు నా తెలుగు అర్థమైంది. నాలుగు వేళ్లు చూపించి, "నలుగురు," అంది. తర్వాత లోపలికి వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను. ఆ క్షణం నా ముఖంలో ఏముండి ఉంటుందో ఇప్పటికీ ఊహించుకోలేను.

పాత అంబలి పారబోసి, కుండను ఉడుకు నీళ్లు, బూడిద వేసి తోమి, ఇకనుంచి తోడు వెయ్యకుండా ఎప్పటికప్పుడు తాజాగా జావ కాచి, బట్ట కట్టి పెట్టమని చెప్పాను.

"ఎప్పటికప్పుడు ఏడ గాస్త సెల్లె? నాలుగింటికే ఆకుకు పోవాలె," అంది ఆమె.

"పోయే ముందు కాసి పెట్టక్కా. మూత తియ్యకుంట ఉంచితే ఏం గాదు."

ఏం గాదు అన్నాను. ఆ ఎండల్లో, తెల్లవారుజామున కాచిన చప్పటి జావ మధ్యాహ్నం దాకా ఏమవుతుందో నా పుస్తకంలోనే ఉంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ప్రశ్నే. ఆ నిమిషానికి అది గుర్తుకు రాలేదు.

ఆమె నా ముందే లేచి కుండ తెచ్చి గోడ వారగా ఒంపేసింది. కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. కుండ తోమి నాకు చూపించింది, బడిలో పలక చూపించినట్టు. "మంచిగైందా?" అని అడిగింది. "మస్తుగైంది," అన్నాను.

తర్వాతి గురువారం హైదరాబాద్ నుంచి పొడి వచ్చింది. దానితో చేసిన పళ్లేలలో పేగుల నుంచి వచ్చే చెడ్డ సూక్ష్మజీవులు గులాబీ రంగులో పెరుగుతాయి. మొదటిసారి తెచ్చిన నమూనాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. రెండోసారివీ ఉన్నాయి. అన్నీ పెట్టాం. శనివారం తీసి చూస్తే, తాజాగా వండి మధ్యాహ్నం దాకా ఉంచుకునే ఇళ్ల పళ్లేలలో గులాబీ చుక్కలు లేచాయి. ఏడో ఇంటి అంబలి పళ్లెంలో ఒక్కటీ లేదు. సూక్ష్మజీవులకు మేతగా పోసే జిగురు, అగర్, ఉత్తదే మెరుస్తోంది.

మేడమ్ ఆ తెల్ల చుక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి మమ్మల్ని పిలిచింది. ఊదా రంగు కడ్డీలు వరసగా ఉన్నాయి. "పెరుగులో ఉండే జాతే ఇది. ఇవి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపులో రోగం తెచ్చేవి బతకడం కష్టం. ఆ ముసలామె పద్ధతే మన పన్నెండు ఇళ్లలోకీ మంచి పద్ధతి," అంది. చాలా సంతోషంగా ఉంది మేడమ్. ఇక రిపోర్టుకు విషయం దొరికింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు మా వైపు తిరిగింది. "మీరు అక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదు కదా?"

"లేదు మేడమ్," అన్నాను.

బయటికి రాగానే స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుంది.

"అబద్ధం ఎందుకు చెప్పావే?"

"మరేం జెప్పాలె? పళ్లెం గూడ తీస్కపోయి చూపెట్టిన అని జెప్పాలెనా?"

"డాక్టరమ్మలాగా ఫోజు కొట్టావుగా, ఇప్పుడు పోయి తూచ్ అని చెప్పు."

"ఒక్కదాన్నే ఎట్ల పోవాలె? మేడమ్‌ను అడగకుంట హాస్టల్ల పంపరు."

"అయితే టీచరమ్మకి కార్డు ముక్క రాసెయ్. రెండు లైన్లు చాలు. పాత పద్ధతిలోనే చేసుకోమని."

నేను సరే అన్నాను. పోస్టాఫీసు కాలేజీ ఎదురుగానే ఉండేది. కార్డు కొన్నాను కూడా. పెన్ను పట్టుకుంటే, మొన్న పురుగులు అని చెప్పిన నేనే ఇవాళ కాదు అని ఎలా రాయాలో తోచలేదు. ఆ టీచర్ నవ్వుతుంది. ముసలామె నవ్వుతుంది. ఆ నవ్వే నాకు కనబడింది, ఇంకేమీ కనబడలేదు. పదకొండు రోజుల్లో మూడోసారి ఎలాగూ వెళ్తాం గదా, అప్పుడు నోటితోనే మెల్లగా చెప్పొచ్చు అనుకున్నాను. కార్డును పుస్తకంలో పెట్టేశాను. ఆ పదకొండు రోజులూ బాగానే తిన్నాను, బాగానే పడుకున్నాను. ఒక సాయంత్రం స్నేహితురాలితో కలిసి బజారుకు పోయి గాజులు కూడా కొనుక్కున్నాను.

మూడోసారి వెళ్లేసరికి తొలి వాన పడి ఆకు పని ఆగిపోయింది. మేడమ్ కూడా వచ్చింది. ఆవిడ అంగన్‌వాడీ గదిలో సీసాలకు చీటీలు అంటిస్తూ కూర్చుంటే, మేమిద్దరం టీచర్‌తో కలిసి ఇళ్లకు బయలుదేరాం. ఆరో ఇల్లు అయ్యాక టీచర్ ఎనిమిదో ఇంటి వైపు నడిచింది.

"ఏడో ఇల్లు ఇటు గదా టీచర్?"

"ఆడికి ఇయ్యాల వద్దు తియ్. పిల్లగాడు పోయిండు. వారమైంది."

నా స్నేహితురాలు సీసాల బుట్ట కింద పెట్టేసింది. నేను ఎంత గట్టిగా అడిగానో గాని టీచర్ నన్ను వింతగా చూసింది. "ఎప్పుడు? ఏ రోజు?"

"సోమారం వట్టుకున్నయి. బుధారం పోయిండు."

శనివారం నాకు తెలిసింది. సోమవారం పిల్లవాడికి మొదలైంది. శనివారమే కార్డు వేసి ఉంటే సోమవారానికి అందేదా, మంగళవారమా అని ఆ దారిలో నిలబడే లెక్క వేశాను. ఆ లెక్క అప్పుడు మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆపలేకపోయాను. అందకపోవచ్చు. కానీ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఉంటే మధ్యాహ్నానికి నేను అక్కడ ఉండేదాన్ని.

వద్దన్నా వినకుండా వెళ్లాం. ఆమె గడప దగ్గర కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది. నేనే కింద కూర్చున్నాను.

"కక్కుడు, పారుడు," అంది ఆమె, నేను అడగకుండానే. "రెండు దినాలు. ఏం తాగిచ్చినా నిలవలె. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే, ఆటోల."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. ఏదో భయం ఉంది వాటిలో. కాసేపటికి గాని ఆ భయం ఎందుకో నాకు అర్థం కాలేదు.

"మీరు జెప్పినట్లనే చేసిన సెల్లె. కుండ రోజు తోమిన. ఉడుకు నీళ్లు వోసిన. బట్ట గట్టిన. ఒక్కనాడు గూడ పాతది కలపలె. కావాల్నంటే మా అత్తనడుగు."

నేను తనను తప్పుపట్టడానికి వచ్చాననుకుంది. తను శుభ్రంగా ఉండకపోవడం వల్లే పిల్లవాడు పోయాడని నేనంటానేమోనని.

అంతలో ఐదేళ్ల పిల్ల లోపలి నుంచి వచ్చింది. కుండ మీద బట్ట విప్పి, లోటా ముంచి, పొద్దున ఎప్పుడో కాచిన జావ తాగడం మొదలుపెట్టింది. అప్పటికి మధ్యాహ్నం దాటింది. నా స్నేహితురాలు నన్ను మోచేత్తో పొడిచింది. చెప్పకపోతే ఈ పిల్లకీ అదే గతి. చెబితే ఆ పిల్లవాడు ఎందుకు పోయాడో ఈమెకు తెలిసిపోతుంది.

"అక్కా," అన్నాను. "జావ పులిస్తేనే మంచిది. మీ అత్త చేసినట్లే చెయ్."

ఆమెకు అర్థం కాలేదు. "పురుగులుంటయంటివి గదా?"

"ఉంటయి. అవి చెడ్డయి గావు. అవి ఉంటెనే చెడ్డయి రావు. మాకప్పుడు తెల్వకుండె."

ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. తీసుకోలేదు. కానీ అందులో ప్రాణం పోయినట్టయింది. పిల్ల ఇంకా జావ తాగుతూనే ఉంది.

"మరెప్పుడు ఎర్కైంది మీకు?" అంది.

ఆ ప్రశ్నకు నేను ఆలోచించుకోలేదు. ఆలోచించుకోవాల్సిన అవసరం లేకుండానే వచ్చేసింది.

"నిన్న," అన్నాను.

నా స్నేహితురాలు నేల చూపులు చూసింది. పిల్లవాడి తల్లి మాత్రం, "అవ్," అని మెల్లగా తల ఊపింది. నిన్న తెలిస్తే వీళ్లు మాత్రం ఏం చేస్తారు అన్నట్టు. తర్వాత లోపలికి తిరిగి అత్తకు కోయలో నాలుగు మాటలు చెప్పింది. ముసలామె బయటికి వచ్చింది. నన్ను చూడలేదు. గరిటె ఒకటి పట్టుకుని పక్కింటికి పోయి, వాళ్ల కుండలోంచి పుల్లటి అంబలి అడిగి తెచ్చింది. ఈ ఇంటి తోడు ఆ రోజు నా ముందే కోళ్ల పాలైంది గదా. పిల్ల చేతిలోంచి లోటా తీసుకుని, ఉన్న జావంతా బయట పారబోసి, రాత్రి తోడుకని ఆ గరిటెడు అంబలిని ఒక ముంతలో దాచింది. తాగమని నాకు ఒక చుక్కా ఇవ్వలేదు, స్నేహితురాలికీ ఇవ్వలేదు. మొదటిసారి వచ్చినప్పుడు తాగితే గాని కదలనివ్వలేదు మమ్మల్ని.

మేడమ్ సీసాలు లెక్క చూసుకుని, "ఏడోది ఏది?" అంది.

"ఇంట్లో ఎవరూ లేరు మేడమ్," అంది నా స్నేహితురాలు. అది నా కోసం చెప్పిన అబద్ధం. ఆ తర్వాత మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని ఇంకో ఏడాది చదివాం గాని దాని గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. డిగ్రీ అయ్యాక ఆమె ఉత్తరాలు ఆపేసింది. నేనూ ఆపేశాను.

రిపోర్టు బాగా వచ్చిందని కాలేజీలో మెచ్చుకున్నారు. పులిసిన అంబలి ఎంత క్షేమమో చూపే పట్టికలో ఏడో ఇల్లే అన్నిటికన్నా పైన ఉంది. మూడోసారి నమూనా గడిలో మాత్రం ఒక గీత.

పిల్లవాడు ఆ జావ వల్లే పోయాడని ఎవరూ చెప్పలేరు. నీళ్లు కావచ్చు, ఎండ కావచ్చు. ఆ వారం ఆ పల్లెలో ఇంకో ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకుని తగ్గాయట. సైన్సు చదువుకున్నదాన్ని, ఒక్కరితో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అమ్మకు సగం చెబితే, మోకరించి ప్రార్థన చేసుకో బిడ్డా, ప్రభువు క్షమిస్తాడంది. చేసుకున్నాను. క్షమించాల్సిన మనిషి దుమ్ముగూడెం అవతల ఉందని ఎప్పుడూ తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు మా పాపకు ఏం పెట్టాలో ప్రతి ఒక్కరూ చెబుతారు. మా అత్త ఒకటి, డాక్టరు ఒకటి, పక్కింటావిడ ఒకటి. గట్టిగా, నమ్మకంగా చెప్పేవాళ్లంటే నాకు భయం. గిన్నె రెండుసార్లు మరగబెడతాను, మళ్లీ అనుమానం వచ్చి మూడోసారి పెడతాను. మొన్న విరేచనాలు మొదలైనప్పుడు నా ఒళ్లు నా స్వాధీనంలో లేదు. మా ఆయన, "పిల్లలన్నంక అయితయి, గంత బుగులేంది?" అన్నాడు. నేను లేచి గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టాను.

ఆమె దగ్గరికి వెళ్లాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. వెళ్లి, నిన్న కాదక్కా, నీ కొడుకు ఇంకా ఆడుకుంటున్న రోజే నాకు తెలుసు అని చెప్పాలి. కానీ ఇప్పుడు, ఈ రెండు రోజులు పాపను ఎత్తుకుని తిరిగాక, ఇంకో సంగతి తోస్తోంది. నిన్న తెలిసిందన్న మాటతో ఆమె ఏదో విధంగా సర్దుకుని ఉంటుంది. ఎవరి చేతుల్లోనూ లేదని అనుకుని ఉంటుంది. నేను నిజం చెబితే నాకు కాస్త ఊపిరాడుతుందేమో గాని, కొడుకు బతికుండేవాడేమోనని ఆమె మళ్లీ మొదటి నుంచి ఏడవాలి. నా బరువు దించుకోవడానికి ఆమె నెత్తినే పెట్టాలి. అలాగని చెప్పకపోతే, చెప్పకుండా ఉండటానికి నాకు మంచి కారణం దొరికినట్టే. ఆ రోజు పోస్టాఫీసు ముందు నిలబడ్డప్పుడు కూడా ఒక మంచి కారణం దొరికింది.

పాప కదులుతోంది. జ్వరం లేదు, ఒళ్లు మామూలుగానే ఉంది. కాచి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాలు పట్టించాను. మూడోదానికి మూతి తిప్పుకుంది.